సాలిడ్, స్యాలీడ్, సల్లీడ్: ఒక ఆన్‌లైన్ నిఘంటువులో హామ్లెట్ ప్రయోగాన్ని సరిచేసిన కేస్ స్టడీ

నేను ఖాళీ సమయంలో పనిచేసే ఒక ఉచిత ఆన్‌లైన్ ఇంగ్లీషు నిఘంటువులో ‘సల్లీడ్’ అనే పదానికి పేజీ ఉంది. మైలపడిన, మచ్చపడిన అని అర్థం. ఆ అర్థం కింద చాలా ఏళ్లుగా ఒక ప్రయోగం, అంటే ఆ మాట వాడిన ఉదాహరణ వాక్యం, కనిపించేది. సంవత్సరం 1600, రచయిత షేక్‌స్పియర్, నాటకం హామ్లెట్, మొదటి అంకం, రెండో రంగం. తండ్రి పోయి రెండు నెలలు కాకముందే తల్లి బాబాయిని పెళ్లాడిందని కుమిలిపోతూ హామ్లెట్ ఒంటరిగా అనుకునే మాట అది. మైలపడిన ఈ దేహం కరిగి నీరై మంచుబొట్టుగా మారిపోతే ఎంత బాగుండు అంటాడు.

ఆ ఒక్క ప్రయోగంలో మూడు తప్పులున్నాయి. 1600 నాటికి హామ్లెట్ అచ్చే కాలేదు. ఆ కాలంలో అచ్చయిన ఏ పుస్తకంలోనూ ఆ చోట ‘సల్లీడ్’ అనే మాట లేదు. ఆ వాక్యం మొదట కనిపించే పుస్తకాల్లో అంకం, రంగం అనే గుర్తులూ లేవు. వీటిని సరిచేయడానికి నాకు పదకొండు రాత్రులు పట్టింది. ఏం చూశాను, ఎక్కడ తడబడ్డాను, చివరికి ఏం రాశాను అన్నది వివరంగా చెబుతాను. పాత నాటకాల నుంచి ప్రయోగాలు ఎక్కించేవాళ్లకి ఇదే ఇబ్బంది మళ్లీ మళ్లీ ఎదురవుతుంది.

1600 ఎక్కడి నుంచి వచ్చింది

మన సూర్యరాయాంధ్ర నిఘంటువు తెరిస్తే అర్థం పక్కన కావ్యాల నుంచి ప్రయోగాలు కనిపిస్తాయి. ఫలానా కవి ఈ మాటను ఈ అర్థంలో వాడాడు అని చూపడం దాని పని. ఇంగ్లీషులో చారిత్రక నిఘంటువులు ఇంకో అడుగు ముందుకు వెళ్లి ప్రయోగాలను సంవత్సరాల వరసలో పేరుస్తాయి. ఒక మాట ఎప్పుడు పుట్టింది, ఏ అర్థం ముందు వచ్చింది, ఎప్పుడు వాడుక తప్పింది అన్నది ఆ వరసను బట్టి తెలుస్తుంది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ఈ పద్ధతి మీదే నిలబడింది. 1857లో ఆలోచన మొదలైంది, 1884లో మొదటి భాగం వచ్చింది, 1928లో పని ముగిసింది. వేలమంది పాఠకులు పుస్తకాలు చదివి, చీటీల మీద వాక్యాలు రాసి పంపితే సంపాదకుడు జేమ్స్ మర్రే బృందం వాటిని వరసపెట్టింది. అలాంటి వరసలో ఒక సంవత్సరం తప్పయితే ఆ మాట చరిత్రే తప్పవుతుంది.

ఆ మొదటి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు షేక్‌స్పియర్ నాటకాలకు, అవి ఎప్పుడు రాసి ఉంటారని పండితులు ఊహించారో ఆ సంవత్సరాలు వేసింది. ఇప్పుడు జరుగుతున్న సవరణలో వాళ్లే ఆ పద్ధతి మార్చుకున్నారు. అచ్చయిన సంవత్సరమే వేస్తున్నారు. రచయిత చనిపోయాక మాత్రమే అచ్చయిన నాటకాలకు ‘1616కి ముందు’ అని వేసి, పక్కన 1623 అని చూపిస్తారు. 1616 షేక్‌స్పియర్ పోయిన సంవత్సరం, 1623 ఆయన నాటకాలన్నీ కలిపి పెద్ద సంపుటంగా వచ్చిన సంవత్సరం.

మా నిఘంటువు కథ ఇంకోలా ఉంది. మొదటి రోజుల్లో పేజీలు నింపడానికి కాపీరైటు తీరిపోయిన 1913 నాటి వెబ్‌స్టర్ నిఘంటువు నుంచి చాలా ప్రయోగాలు తెచ్చి పెట్టారు. అందులో ప్రయోగం కింద రచయిత పేరే ఉంటుంది, ఏ నాటకమో ఏ సంవత్సరమో ఉండదు. వాక్యం కూడా 19వ శతాబ్దపు పరిష్కర్తలు సరిదిద్దిన నేటి స్పెల్లింగులో ఉంటుంది. తర్వాత వచ్చిన సభ్యులు ఆ వాక్యాలు వెతికి నాటకం పేరు చేర్చారు. ఇంకొకరు రచనాకాలం పట్టిక చూసి సంవత్సరం చేర్చారు. ప్రతి ఒక్కరూ మంచి మనసుతోనే ఒక్కో ఇటుక పెట్టారు. పుస్తకం తెరిచి పేజీ చూసినవాళ్లు మాత్రం మధ్యలో ఎవరూ లేరు.

మూడు పుస్తకాలు

హామ్లెట్ అని మనం ఒక్క పేరుతో పిలుస్తాం గానీ, తొలి అచ్చులు చూస్తే ఒకదానితో ఒకటి కలవని మూడు పుస్తకాలున్నాయి.

మొదటిది 1603లో వచ్చిన చిన్న పుస్తకం. ఇది చాలా పొట్టి పాఠం. పొలోనియస్ పాత్ర పేరు ఇందులో కొరాంబిస్. ‘ఉండడమా, ఉండకపోవడమా’ అనే ప్రసిద్ధ వాక్యం తర్వాత ‘అదే ప్రశ్న’ అని రావలసిన చోట ‘అవును, అదే పాయింట్’ అని ఉంటుంది. ఈ పుస్తకం ఒకటుందనే సంగతే రెండు వందల ఏళ్లు ఎవరికీ తెలియదు. 1823లో సర్ హెన్రీ బన్‌బరీ అనే ఆయనకు తన ఇంటి అల్మారాలో ఒక ప్రతి దొరికింది, దానికి చివరి ఆకు లేదు. 1856లో డబ్లిన్‌లో ఇంకొకటి బయటపడింది, దానికి ముఖపత్రం లేదు. ఈ రెండూ కలిపి చదివితేనే ఆ పుస్తకం పూర్తవుతుంది.

రెండోది 1604 చివర్లో, 1605లో అచ్చయింది. ఉన్న పాఠానికి దాదాపు అంత మేర పెంచి, అసలు ప్రతి ప్రకారం కొత్తగా అచ్చువేశామని ముఖపత్రం మీదే రాశారు. నేటికి మిగిలినవి ఏడు ప్రతులు. వాటిలో మూడింటి మీద 1604, నాలుగింటి మీద 1605 అని ఉంది. అచ్చు సాగుతూ ఉండగా సంవత్సరం మార్చారన్నమాట. అందుకే దీన్ని 1604–05 అని రాస్తారు.

మూడోది 1623 సంపుటం. షేక్‌స్పియర్‌తో కలిసి నటించిన జాన్ హెమింగ్స్, హెన్రీ కాండెల్ 36 నాటకాలు కూర్చి వేయించారు. అందులో దాదాపు సగం అంతకుముందు అచ్చు ముఖం చూడనివి.

ఇప్పుడు మన వాక్యం. 1603 పుస్తకంలో దేహాన్ని ‘ఎంతో బాధపడిన, స్యాలీడ్’ అని అంటాడు. ఎస్ తర్వాత ‘ఏ’ (A) అక్షరం. 1604–05 పుస్తకంలోనూ ‘స్యాలీడ్’, అదే ‘ఏ’ అక్షరం. 1623 సంపుటంలో ‘సాలిడ్’, ఎస్ తర్వాత ఓ. గట్టి దేహం అని. యూ అక్షరంతో రాసే ‘సల్లీడ్’ మూడింటిలో ఎక్కడా లేదు.

మరి ‘సల్లీడ్’ ఎలా వచ్చింది? 20వ శతాబ్దంలో జాన్ డోవర్ విల్సన్ అనే షేక్‌స్పియర్ పండితుడు ఒక వాదన గట్టిగా వినిపించారు. అచ్చులో ‘స్యాలీడ్’ అని ఉన్నది నిజానికి ‘సల్లీడ్’ అనే మాటేనని ఆయన చెప్పారు. దానికి మంచి ఆధారమే ఉంది. అదే 1604–05 పుస్తకంలో తర్వాత ఒక చోట పొలోనియస్ ‘నా కొడుకు మీద ఈ చిన్న చిన్న మచ్చలు వేస్తూ’ అంటాడు. అక్కడ మచ్చలు అనే మాట కూడా ‘ఏ’ అక్షరంతోనే అచ్చయింది, 1623 సంపుటంలో మాత్రం యూ అక్షరంతో ఉంది. షేక్‌స్పియర్ ఇంకో నాటకం ‘లవ్స్ లేబర్స్ లాస్ట్’ 1598 అచ్చులో మచ్చలేని లిల్లీ పువ్వు అన్నచోట కూడా ‘ఏ’ అక్షరమే. కాబట్టి ఆ రోజుల్లో ఒకే మాటను రెండు రకాలుగా రాసేవారని నమ్మడానికి వీలుంది. తల్లి చేసిన పనితో తన ఒళ్లే మైలపడిందని హామ్లెట్ అనుకోవడం సందర్భానికి సరిపోతుంది. కరగాలంటే ముందు గట్టిగా ఉండాలి కదా అని ‘సాలిడ్’ పక్షం వాళ్లు అంటారు, అదీ సరిపోతుంది. దాడికి గురైన, ముట్టడిలో ఉన్న అనే అర్థంలో ‘స్యాలీడ్’ను ఉన్నదున్నట్టే చదివేవాళ్లూ ఉన్నారు.

నాటకం వేసేవాళ్లకి, పాఠ్యపుస్తకం తయారుచేసేవాళ్లకి ఈ మూడింటిలో ఒకటి ఎంచుకోక తప్పదు. నిఘంటువు పని వేరు. పేజీ మీద ఏ అక్షరం ఉందో చెప్పాలి, దాన్ని పండితులు ఎలా చదివారో పక్కన చెప్పాలి. ఈ రెండింటినీ కలిపేస్తే డోవర్ విల్సన్ వాదన షేక్‌స్పియర్ సాక్ష్యంగా మారిపోతుంది. మా పేజీలో జరిగింది అదే.

పేజీ సంఖ్య లేని పుస్తకం

నాకు ఎక్కువ సమయం పట్టింది ‘ఎక్కడ ఉంది’ అనే వివరం దగ్గర. 1604–05 పుస్తకంలో పేజీ సంఖ్యలు లేవు. ఆ కాలపు నాటకాల పుస్తకాలు చాలావాటికి ఉండవు. ఒక పెద్ద కాగితాన్ని రెండుసార్లు మడిస్తే నాలుగు ఆకులు, ఎనిమిది పేజీలు వస్తాయి. దాన్నే క్వార్టో అంటారు. ఏ కాగితం తర్వాత ఏది కుట్టాలో బైండరుకు తెలియడానికి ఆకుల అడుగున ఏ, బీ, సీ అని అక్షరాలూ, ఆకు సంఖ్యలూ వేసేవారు. మన లెటర్‌ప్రెస్‌లలో ఫారం అడుగున చిన్న గుర్తు వేసేవారు, చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఇదీ అలాంటిదే. ఆ గుర్తునే మనం స్థానంగా వాడాలి. మన తాళపత్రాల్లోనూ సంఖ్య ఆకుకే ఉంటుంది కదా. ఆకు, ముందువైపు, వెనుకవైపు అని చెప్పడం మనకి కొత్తేమీ కాదు.

లెక్క ఇలా వేశాను. ‘ఏ’ గుర్తున్న కాగితం ముఖపత్రానికి పోయింది. నాటకం బీ కాగితం మొదటి ఆకు ముందువైపు మొదలవుతుంది. పేజీలు లెక్కపెడుతూ వెళ్తే మన వాక్యం సీ కాగితం మొదటి ఆకు ముందువైపు తగిలింది. ఇలా లెక్కపెట్టేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. ఈ అక్షరాల వరసలో ఐ, జే ఒకటే, యూ, వీ ఒకటే, డబ్ల్యూ లేదు. మొత్తం 23 అక్షరాలు. నేటి 26 అక్షరాల లెక్కతో వెళ్తే పెద్ద పుస్తకాల్లో దారి తప్పుతాం. ఇంకో పుస్తకం విషయంలో నేను ఒకసారి తప్పాను, కాగితం మొత్తం మారిపోయింది.

ఐ, జే ఒకటే అన్నది ప్రచురణ వివరాల్లోనూ ఉపయోగపడింది. ముఖపత్రం మీద ‘ఐ. ఆర్. అచ్చువేయగా, ఎన్. ఎల్. కోసం’ అని పొడి అక్షరాలే ఉన్నాయి. ఆ ఐ నిజానికి జే. జేమ్స్ రాబర్ట్స్ అచ్చువేసినవాడు, నికొలస్ లింగ్ ప్రచురించినవాడు. ఫ్లీట్ స్ట్రీట్‌లో సెయింట్ డన్‌స్టన్ చర్చి కింద తన షాపులో దొరుకుతుందని లింగ్ చిరునామా కూడా వేసుకున్నాడు. ఈ దుకాణం చిరునామాలు మామూలు ప్రకటనల్లా కనిపిస్తాయి గానీ, వీటి విలువ నాకు తర్వాత కింగ్ లియర్ నాటకం దగ్గర తెలిసింది.

1623 సంపుటానికి పేజీ సంఖ్యలున్నాయి, అయితే వాటినీ గుడ్డిగా నమ్మకూడదు. హాస్యనాటకాలు, చరిత్ర నాటకాలు, విషాదనాటకాలు అని మూడు భాగాలు, సంఖ్యలు భాగానికొకసారి మొదటికొస్తాయి. హామ్లెట్ మధ్యలోనే 156 తర్వాత 257 వస్తుంది. మధ్యలో వంద పేజీలు పోయాయేమో అనుకుంటాం, ఏమీ పోలేదు, సంఖ్య తప్పు పడింది. సంపుటం చివరి పేజీ మీద 399 ఉండాల్సిన చోట 993 అని ఉంది. అందుకే చార్ల్‌టన్ హిన్మన్ అనే పండితుడు ఆ సంపుటంలో ప్రతి నాటకానికీ మొదటి నుంచి చివరి దాకా పంక్తులకు వరస సంఖ్యలిచ్చారు. ఆ లెక్కలో ‘సాలిడ్’ ఉన్న పంక్తి 313. పేజీ సంఖ్యతో పాటు ఇది కూడా వేస్తే ఎవరికైనా వెంటనే దొరుకుతుంది.

అంకం, రంగం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రెండు చిన్న పుస్తకాల్లో అసలు విభజన లేదు. 1623 సంపుటంలో రెండో అంకం రెండో రంగం దాకా గుర్తులు పెట్టి, తర్వాత ఆపేశారు. నేటి పాఠకుడికి అంకం, రంగం సంఖ్యలు కావాలి కాబట్టి అవి తీసేయకూడదని నిర్ణయించాను. అవి పుస్తకంలోనివి కావని తెలిసేలా చదరపు బ్రాకెట్లలో పెట్టాను.

స్పెల్లింగు ఎంతవరకు ఉంచాలి

ఇక్కడ మా సభ్యుల మధ్య చాలా చర్చ జరిగింది. పాత అచ్చులో మాట మొదట, మధ్యలో వచ్చే ఎస్ పొడవుగా, ఎఫ్ లాగా ఉంటుంది. దీన్ని మామూలు ఎస్‌గా మార్చాలన్నది నా అభిప్రాయం, చివరికి అలాగే చేశాం. అది ఒకే అక్షరానికి ఇంకో రూపం మాత్రమే. కానీ వీ ఉండాల్సిన చోట యూ, యూ ఉండాల్సిన చోట వీ ఉంటే వాటిని ముట్టుకోలేదు. మాట మొదట్లో వీ, మధ్యలో యూ వేయడం ఆ కాలపు పద్ధతి. స్పెల్లింగు చరిత్ర కోసం నిఘంటువు చూసేవాళ్లకి అది కావాలి. అచ్చుతప్పులు కూడా ఉన్నవి ఉన్నట్టే ఉంచి, పక్కన ‘మూలంలో ఇలాగే’ అని గుర్తు పెట్టాం.

ఈ పొడవు ఎస్ వల్ల వెతుకులాటలో ఒక ప్రమాదం ఉంది. స్కాన్ చేసిన పుస్తకాలను యంత్రం చదివినప్పుడు దాన్ని ఎఫ్ అనుకుంటుంది. అర్థం లేని మాట తయారైతే మనకి తెలిసిపోతుంది. ‘సేమ్’ కాస్తా ‘ఫేమ్’ అయితే, ‘సైట్’ కాస్తా ‘ఫైట్’ అయితే తెలియదు. రెండూ నిజమైన మాటలే కదా. కీర్తి అనే మాటకు దొరికిందనుకున్న ప్రయోగం ‘అదే’ అనే మాట అయి ఉండొచ్చు. అందుకే 2015లో అందరికీ తెరిచిన, మనుషులు కూర్చుని టైపు చేసిన పాతిక వేల పైచిలుకు తొలి ఇంగ్లీషు పుస్తకాల పాఠాలు మాకు పెద్ద ఆసరా. అవి కూడా ఏదో ఒక్క ప్రతిని చూసి టైపు చేసినవే. వాక్యం ఎక్కించే ముందు పేజీ ఫొటో చూడకుండా నేను ఏదీ నమ్మను.

పేజీని ఎలా సరిచేశాను

‘సల్లీడ్’ పేజీ నుంచి హామ్లెట్ ప్రయోగాన్ని తీసేశాను. ‘స్యాలీడ్’ అనే రూపానికి కొత్త పేజీ తెరిచి, ‘సల్లీడ్’కు పాత రూపం కావొచ్చు అని రాసి, 1604–05 పుస్తకం నుంచి ఉన్నది ఉన్నట్టు ప్రయోగం ఇచ్చాను. ‘సాలిడ్’ పేజీలో 1623 సంపుటం వాక్యం పెట్టాను. మూడు పేజీల్లోనూ ఒకే చిన్న వివరణ రాసి ఒకదానికొకటి లింకు ఇచ్చాను.

మార్పు చేసిన మర్నాడే మా బృందంలో కొత్తగా చేరిన ఒక తెలుగమ్మాయి మెసేజ్ పెట్టింది. ఇంగ్లీషు ఎం.ఏ. చదువుతోంది.

‘అన్నయ్యా, మా క్లాసు పుస్తకంలో సల్లీడ్ అనే ఉంది. మీరు తీసేశారేంటి? షేక్‌స్పియర్ ఆ మాట రాయలేదంటారా?’

‘ఆయన చేత్తో ఏం రాశారో మన దగ్గర లేదమ్మా. అచ్చు ఉంది. అచ్చులో యూ లేదు. నిఘంటువులో అంతవరకే చెప్పగలం.’

‘మరి మా పుస్తకం తప్పా?’

‘తప్పు కాదు. పరిష్కర్త తన నిర్ణయం చెప్పాడు, కింద నోట్సులో పాఠాంతరాలు కూడా ఇచ్చే ఉంటాడు చూడు. ఆ నిర్ణయాన్ని మనం 1600 అని తేదీ వేసి పెట్టడమే తప్పు.’

ఆ అమ్మాయి నోట్సు చూసింది. మూడు పాఠాలూ అక్కడే ఉన్నాయట. తర్వాత ఇంకో మంచి ప్రశ్న వేసింది. ‘అయితే షేక్‌స్పియర్ నుంచి సల్లీడ్‌కు ప్రయోగమే ఉండదా?’ నేను హామ్లెట్‌లో మునిగిపోయి ఆ ఆలోచనే చేయలేదు. ఇద్దరం వెతికాం. 1609లో అచ్చయిన సానెట్ల పుస్తకంలో పదిహేనో సానెట్‌లో ‘నీ యవ్వనపు పగటిని మైలపడిన రాత్రిగా మార్చడానికి’ అనే పంక్తి ఉంది. అక్కడ యూ అక్షరంతో స్పష్టంగా ‘సల్లీడ్’. ఇప్పుడు ఆ పేజీలో ఉన్నది అదే. కవి మారలేదు, అర్థం మారలేదు, ఈసారి మాత్రం పుస్తకం తెరిచి చూపించగలం.

అదే జబ్బు ఉన్న ఇంకొన్ని పేజీలు

హామ్లెట్ తర్వాత ఇలాంటివి కావాలనే వెతికాను. ఐదో హెన్రీ నాటకంలో ఫాల్‌స్టాఫ్ చనిపోతూ ‘పచ్చని పొలాల గురించి కలవరించాడు’ అనే వాక్యం ఎంతో పేరున్నది. 1623 సంపుటంలో ఆ చోట ‘పచ్చని పొలాల బల్ల’ అని అర్థం కాని మాటలున్నాయి. ‘కలవరించాడు’ అన్నది 18వ శతాబ్దంలో లూయిస్ థియోబాల్డ్ అనే పరిష్కర్త చేసిన దిద్దుబాటు. అద్భుతమైన దిద్దుబాటు, నాకు చాలా ఇష్టం. నిఘంటువులో మాత్రం దాని పక్కన థియోబాల్డ్ పేరూ, ఆయన కాలమూ ఉండాలి. మాక్‌బెత్‌లో మంత్రగత్తెలకు వాడే ‘వియర్డ్’ అనే మాట కూడా అంతే, 1623లో ‘వేవార్డ్’, ‘వేయర్డ్’ అనే రూపాల్లో ఉంది.

డాక్టర్ ఫాస్టస్ నాటకం ఇంకొంచెం చిక్కు. దాని రచయిత క్రిస్టఫర్ మార్లో 1593లో చనిపోయాడు. మనకి దొరికే తొలి అచ్చు 1604ది, బాగా పెరిగిన ఇంకో పాఠం 1616ది. ఈలోగా 1602లో థియేటరు యజమాని ఫిలిప్ హెన్స్‌లో, ఈ నాటకానికి చేర్పులు రాసినందుకు ఇద్దరికి డబ్బులిచ్చినట్టు తన లెక్కల పుస్తకంలో రాసుకున్నాడు. కాబట్టి 1616 పాఠంలో మాత్రమే ఉన్న మాటను ‘మార్లో, 1593కి ముందు’ అని ఎక్కించడం కుదరదు. ఈ నాటకం మొదట్లోనే ఫాస్టస్ ఒక్కో శాస్త్రానికీ వీడ్కోలు చెబుతాడు. 1604 అచ్చులో ‘ఆన్‌కేమియాన్’ అని విడదీయలేని ఒక మాట ఉంది. తర్వాతి అచ్చులవాళ్లకి అది అర్థం కాక ‘ఎకానమీ’ అని మార్చారు. ఉండడం, లేకపోవడం అని అర్థం వచ్చే గ్రీకు పదబంధం అదని 19వ శతాబ్దం చివర్లో గాని తేలలేదు. మా ‘ఎకానమీ’ పేజీలో ఈ వాక్యం మార్లో పేరుతో ఉండేది. దాన్ని తీసేయలేదు. 1616లో ఎవరో ‘ఎకానమీ’ అని అచ్చువేశారు కాబట్టి 1616కి అది నిజమైన ప్రయోగమే. మార్లో పేరు పక్కన వివరణ చేర్చాను.

లియర్: ఏ పుస్తకం అంటే సరిపోదు

అన్నిటికంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది కింగ్ లియర్. 1608లో నికొలస్ ఓక్స్ అచ్చువేశాడు, నథానియల్ బటర్ అమ్మాడు. నేటికి 12 ప్రతులున్నాయి, అవి ఒకేలా లేవు. ఆ రోజుల్లో అచ్చు నడుస్తూ ఉండగానే ప్రూఫు చూసేవారు. తప్పు కనిపిస్తే యంత్రం ఆపి అక్షరాలు మార్చి మళ్లీ మొదలుపెట్టేవారు. అప్పటికే అచ్చయిన కాగితాలు పారేయరు, కాగితం ఖరీదు. దిద్దినవీ దిద్దనివీ కలిసిపోయి బైండింగుకు వెళ్తాయి. అందువల్ల ఒకే ప్రతిలో ఒక కాగితం దిద్దినది, ఇంకోటి దిద్దనిది ఉండొచ్చు.

తుఫానులో లియర్ తడుస్తూ మాట్లాడే చోట ఆ తుఫానుకు ఒక విశేషణం ఉంది. దిద్దని కాగితాల్లో ‘క్రులెన్షియస్’, దిద్దినవాటిలో ‘టెంపెస్టియస్’, 1623 సంపుటంలో ‘కంటెన్షియస్’. మా నిఘంటువులో ఒకరు ‘క్రులెన్షియస్’కు పేజీ తెరిచి, క్రూరమైన అని అర్థం రాసి, లియర్ నుంచి ప్రయోగం ఇచ్చారు. వాళ్లు చూసిన ఫొటో దిద్దని కాగితానిది. అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటర్, రాతప్రతి చదవలేక పేర్చినవి అవి. ఎవరూ ఎప్పుడూ ఆ మాట మాట్లాడలేదు, రాయలేదు. ఇలాంటివాటికి భాషా పండితుడు వాల్టర్ స్కీట్ 1886లో ‘ఘోస్ట్ వర్డ్స్’ అని పేరు పెట్టాడు. అచ్చుతప్పు వల్ల పుట్టి నిఘంటువుల్లోకి చేరి మాటల్లా తిరిగే భూతాలు. ఆ పేజీ తొలగించి, సమాచారాన్ని ‘కంటెన్షియస్’ ప్రయోగం కింద పాఠాంతరంగా పెట్టాం. తెరిచినవాళ్లు నొచ్చుకున్నారు, వాళ్లు కష్టపడి ఫొటో వెతికారు కాబట్టి అది సహజం. పేజీ చూడాలనే నియమం వాళ్లు పాటించారు. ఏ ప్రతి పేజీ అన్నది కూడా రాయాలని మా నియమాల్లో అప్పటికి లేదు. ఇప్పుడు చేర్చాం. లియర్ లాంటి పుస్తకాలకు ప్రతి ఏ లైబ్రరీదో ప్రయోగంలోనే రాస్తున్నాం.

లియర్‌లోనే ఇంకో ఉచ్చు ఉంది. 1608 అని ముఖపత్రం మీద ఉన్న లియర్ పుస్తకాలు రెండు రకాలు. రెండోది నిజానికి 1619లో అచ్చయింది. థామస్ పేవియర్ అనే ప్రచురణకర్త, విలియం జాగర్డ్ ముద్రణాలయంలో పది నాటకాలు వేయించాడు, వాటిలో కొన్నింటి మీద పాత సంవత్సరాలు వేశారు. దాదాపు మూడు వందల ఏళ్లు అందరూ ఆ సంవత్సరాలు నమ్మారు. 1908లో డబ్ల్యూ. డబ్ల్యూ. గ్రెగ్ అనే పండితుడు కాగితాల్లోని నీటిగుర్తులు (వాటర్‌మార్కులు) పోల్చి, వేర్వేరు ఏళ్లలో అచ్చయ్యాయని చెప్పుకునే పుస్తకాల్లో ఒకే కాగితాలు కలిసి ఉన్నాయని చూపించారు. రెండేళ్ల తర్వాత విలియం నైడిగ్ ముఖపత్రాలను ఫొటోలు తీసి, ఒకసారి పేర్చిన అక్షరాలనే వేర్వేరు సంవత్సరాల ముఖపత్రాలకు వాడారని నిరూపించారు.

మాలాంటివాళ్లకి నీటిగుర్తులు చూసే అవకాశం లేదు. ఇక్కడే దుకాణం చిరునామా పనికొచ్చింది. అసలు 1608 లియర్ ముఖపత్రం మీద సెయింట్ పాల్స్ చర్చి ఆవరణలో పైడ్ బుల్ గుర్తున్న షాపు అని బటర్ చిరునామా ఉంటుంది. 1619 దాని మీద బటర్ పేరు, 1608, అంతే. మర్చంట్ ఆఫ్ వెనిస్‌కూ ఇదే తేడా. 1600 నాటి అసలు పుస్తకం మీద థామస్ హేయిస్ పేరు, గ్రీన్ డ్రాగన్ గుర్తున్న షాపు ఉంటాయి. రెండోదాని మీద ‘జె. రాబర్ట్స్ అచ్చు, 1600’ అని మాత్రమే ఉంటుంది. ఈ రెండు పుస్తకాల మధ్య 19 ఏళ్ల తేడా ఉంది. మా దగ్గర 1600 అని ఉన్న మర్చంట్ ప్రయోగాలన్నీ ఒక్కొక్కటిగా తీసి, ఏ ముఖపత్రం నుంచి వచ్చాయో చూడడం మొదలుపెట్టాను. రెండో రకం తగిలితే సంవత్సరం 1619 అని మార్చి, ముఖపత్రం మీద 1600 అని ఉందని పక్కన రాస్తున్నాను. ఆ తెలుగమ్మాయి మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్ తీసుకుంది. దానికీ 1600 అని చెప్పుకునే పుస్తకాలు రెండున్నాయి.